రెండు రోజుల ముందు చెప్తే చాలు

మా టూరు వాయిదా పడ్డ చరిత్ర రాస్తే అదే మహబూబాబాద్ జిల్లా చరిత్ర అవుతుంది.

అనుకున్నది పెద్ద టూరేం కాదు. దంతాలపల్లిలో బండ్లు తీసి తొర్రూరు, వర్ధన్నపేట, హనుమకొండ మీదుగా ములుగు చేరుడు. మొదటి రోజు రామప్ప గుడి, లక్నవరం చెరువు. రెండో రోజు తాడ్వాయి అడవిలోంచి మేడారం, ఏటూరునాగారం, అక్కడ గోదావరి దాటి వాజేడు మండలంలో బొగత జలపాతం. మూడో రోజు భూపాలపల్లి దిక్కు మళ్లి గణపురం కోటగుళ్లు చూసుకొని, ఓపికుంటే కాళేశ్వరం, లేకుంటే ఇల్లు. నలుగురం, రెండు మోటారు సైకిళ్లు, మూడు రోజులు. ఇంతే.

బొగత నిండుగా దుమికేది వానాకాలంలోనే కాబట్టి 2024లో ఆగస్టు దాటంగనే పోదామనుకున్నాం. ఆగస్టు 31 రాత్రి పట్టిన వాన తెల్లారేసరికి ఆకేరును ఊళ్ల మీదికి తెచ్చింది. మరిపెడ అవతల పురుషోత్తమాయగూడెం వంతెన దగ్గర జాతీయ రహదారే కోసుకుపోయింది. జలపాతం చూడాలన్న కోరిక ఆ నీళ్లు చూశాక ఎవరికీ మిగల్లేదు. 2025 వానాకాలం యూరియాకు పోయింది. రైతులు పాసు పుస్తకాలు, చెప్పులు లైన్లో పెట్టి కోడి కూయకముందు నుంచి కూర్చుంటే, మాలో ఎరువుల దుకాణం ఉన్నవాడు ఊరు దాటగలడా? దాటితే మళ్లీ ఊళ్లోకి రానిస్తారా? డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. 11, 14, 17 తేదీల్లో మూడు విడతలు. మాలో సారుకు ఎలక్షన్ డ్యూటీ. డీసీఎం నడిపేవాడికి ఒక పార్టీ జనాన్ని పొద్దున, ఇంకో పార్టీ జనాన్ని సాయంత్రం తిప్పే కిరాయి. ఇక మిగిలింది 2026 జనవరి. 28 నుంచి 31 దాకా మేడారం మహాజాతర. ఆ నాలుగు రోజులు ఆ రోడ్లో టూరు అనే మాటే కుదరదు. జాతరకు ముందు పోదామంటే యాసంగి నాట్లు. తర్వాత పోదామంటే మిరపకాయ ఏరుడు, ఖమ్మం మార్కెట్టు.

వాట్సాప్‌లో ‘చలో బొగత’ అని ఒక గ్రూపు మాత్రం బ్రహ్మాండంగా నడుస్తోంది. అందులో శుభోదయాలు వస్తాయి, పెళ్లి పత్రికలు వస్తాయి, మిర్చి రేట్లు వస్తాయి. బొగత ఒక్కటే రాదు.

ఊళ్లో మమ్మల్ని సొంత పేర్లతో పిలిచేవాళ్లు తక్కువ. ఒకడు ఫర్టిలైజర్, ఒకడు సారు, ఒకడు డీసీఎం, సెంటర్లో మీసేవ నడుపుతాను కాబట్టి నేను మీసేవ. గ్రూపులో ఐదోవాడు కూడా ఉన్నాడు. వాడు మిన్నెసోటా. మాతోటే పదో తరగతి దాకా చదివి, హనుమకొండలో ఇంజనీరింగ్ చేసి, 2008లో ఎమ్మెస్ చదవడానికని పోయినవాడు. వాళ్ల బాపు, మాకు పెద్దబాపు, రోడ్డు పక్కనున్న రెండెకరాలు అమ్మి పంపాడు. ఆ భూమి ఇప్పుడు ఎంత పలుకుతుందో సెంటర్లో ఎవరన్నా లెక్క తీస్తే పెద్దబాపు లేచి వెళ్లిపోతాడు. పోయినదాన్ని గురించి లెక్కలేందిరా అంటాడు. మిన్నెసోటా 2023 జనవరిలో వాళ్లమ్మ చనిపోయినప్పుడు వచ్చాడు, పెద్దకర్మ చేసిన మర్నాడు విమానమెక్కాడు. సంవత్సరీకానికి లీవు దొరకలేదు. అమెరికా కొలువు కదా, అనుకున్నాం. పాలోళ్ల పిలగాడు పాలేరు వాగు కాడ కార్యం జరిపించాడు. ఆ తర్వాత కూడా లీవు దొరకలేదు.

పెద్దబాపుకు డెబ్బై దాటాయి. పొద్దుగూకాక కర్ర పట్టుకొని సెంటర్‌కు వచ్చి నా దుకాణం ముందు బల్ల మీద కూర్చుంటాడు. ఆయన ఫోన్లో దంతాలపల్లి వాతావరణం ఉండదు. డులూత్ అనే ఊరిది ఉంటుంది. కొడుకుండే ఊరు. నన్ను అడిగి పెట్టించుకున్నాడు. ‘ఇయ్యాల మైనస్ ఇరవై రెండు’ అని చాయ్ కొట్టువాడికి చెప్తాడు. వాడు గాజు గ్లాసు కడుగుతూ ‘అబ్బో’ అంటాడు. రోజూ ఇదే.

జనవరి మొదట్లో ఒక ఆదివారం. రాత్రి ఏడున్నర. టూరు మాట మళ్లీ మొదలై, మళ్లీ తెగక, ఫర్టిలైజర్‌కు కోపం వచ్చింది.

“మనతోని కాదురా ఇది. ఆ మిన్నెసోటాగాన్ని అడుగుదాం. వాడు ఏటేట దోస్తులతోని మంచుల బండ్లేసుకొని తిరుగుతడు. ఫోటోలు జూస్తలేరా? వాండ్లకు డ్యూటీలు లెవ్వా, పిల్లలు లేరా? వాండ్లకెట్ల కుదురుతుంది?”

అక్కడ పొద్దున ఎనిమిది. వీడియో కాల్‌లో మొహం కనిపించింది. వెనక కిటికీ నిండా తెలుపు. ఫోన్‌ను చాయ్ కొట్టు బిస్కెట్ల సీసాకు ఆనించి నిలబెట్టాం. కొడుకు గొంతు విని పెద్దబాపు బల్ల చివర నుంచి జరిగి మా మధ్యకు వచ్చాడు.

“బాపూ, తిన్నవానే?”

“తిన్న బిడ్డా. నువ్వు జెప్పు, పోరగాండ్లు ఏందో అడుగుతాండ్లు.”

మిన్నెసోటాకు ఆ విషయం అంటే ప్రాణమని మొదటి మాటకే తెలిసింది. ముందు బండి సంగతి చెప్పాడు. దాని పేరు స్నోమొబైల్. ముందర చక్రాలకు బదులు రెండు స్కీలు, కింద రబ్బరు పట్టా. హ్యాండిలు తిప్పితే స్కీలు తిరుగుతాయి, పట్టా మంచును వెనక్కి తన్నుతుంది. పోలారిస్ కంపెనీ 1954లో వాళ్ల రాష్ట్రంలోనే రోజో అనే చిన్న ఊళ్లో పుట్టిందట. ఒక్క మిన్నెసోటాలోనే ఈ బండ్ల కోసం 35,000 కిలోమీటర్ల బాటలున్నాయట. డులూత్ నుంచి గ్రాండ్ మరే అనే ఊరి దాకా, సుపీరియర్ సరస్సుకు ఎగువన అడవిలో 146 మైళ్ల బాట ఒకటే ఉందట. రాత్రిళ్లు గ్రూమర్ అనే పెద్ద యంత్రంతో ఆ బాటలను చదును చేస్తారట, పొద్దున పోయేవాళ్లకు నున్నగా ఉండడానికి. చాలా చోట్ల ఆ పని చేసేది జీతగాళ్లు కాదు, స్నోమొబైల్ క్లబ్బులవాళ్లే.

“రాత్రంత రోడ్డు సాపు జేస్తరా?” అన్నాడు డీసీఎం. తొర్రూరు రోడ్డు గుంటల్లో వాడి బండి కట్టలు ఎన్నిసార్లు విరిగాయో మాకు తెలుసు. మేమేం మాట్లాడలేదు.

“అది సరే, ప్లానెట్ల చేస్తరో జెప్పు,” అన్నాడు ఫర్టిలైజర్.

“మీరు చేసే తప్పే అది,” అన్నాడు మిన్నెసోటా. “తారీఖు పెట్టుకుంటరు. మేం తారీఖు పెట్టుకోం. బాటలు డిసెంబరు ఒకటిన తెరుస్తరు, ఏప్రిల్ ఒకటి దాక ఉంటయి. గంతే మాకు తెలిసేది. మంచు ఎప్పుడు పడ్తదో ఎవనికి తెలుసు? పడ్డా గడ్డ కట్టాలె, గ్రూమర్ నడవాలె. అందుకని అందరం తయారుగ ఉంటం. బండి సర్వీసు అయి ఉంటది, బ్యాగు సదిరి ఉంటది. మంచు రిపోర్టు మంచిగుంటే బయల్దేరుడే.”

“వానకు కాసుకొని ఇత్తునాలు పెట్టుకున్నట్టు,” అన్నాడు పెద్దబాపు.

“కరెక్ట్ బాపూ!” కొడుకు మొహం వెలిగింది. పెద్దబాపు మొహం కూడా.

తర్వాత చెప్పినవన్నీ నాకు పనికొచ్చేవిగానే తోచాయి. రోజుకో ఊళ్లో దిగకుండా ఒకే చోట మూడు రాత్రులు గది తీసుకుంటారట. అక్కడి నుంచి ఏ రోజు ఎటు బాగుంటే అటు పోయి చీకటి పడేసరికి తిరిగొస్తారు. అప్పుడు ఒక రోజు చెడితే ఆ ఒక్క రోజే చెడుతుంది, మిగతా ప్లాను కూలదు. ఇది వింటుంటే మాకు తాడ్వాయి గుర్తొచ్చింది. అక్కడ దిగితే మేడారం 14 కిలోమీటర్లు. ఒక పొద్దు లక్నవరం, ఒక పొద్దు బొగత. వాన పడితే ఆ రెండూ అటూ ఇటూ మార్చుకోవచ్చు. ఇన్నాళ్లూ రోజుకో చోట రాత్రి బస పెట్టుకొని, ఒక్క ముడి విప్పితే అన్నీ ఊడిపోయే ప్లాను వేసింది మేమే. సారు జేబులోంచి కాగితం తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు.

గది ఎట్లాంటిది తీసుకోవాలంటే, రద్దు చేసినా డబ్బు వాపసు వచ్చేది. దారి ఎట్లాంటిదంటే, నడుమ నుంచి ఎక్కడికక్కడ వెనక్కి మళ్లే వీలున్నది. ట్యాంకు నిండా పోస్తే వాళ్ల బండ్లు సుమారు 100 మైళ్లు వస్తాయి కాబట్టి పెట్రోలు బంకు ఎంత దూరంలో ఉందో చూసుకొని బాట ఎంచుకుంటారు. గడ్డ కట్టిన చెరువు మీద నుంచి పోవాలంటే మంచుగడ్డ మందం కనీసం ఐదు నుంచి ఏడు అంగుళాలుండాలి. అంత ఉన్నా, దాటకుండా చుట్టూ తిరిగి పోవడమే నయమని అనుభవజ్ఞులు అంటారట. చివరి మాట ఒక్కడిదే. పోదామా వద్దా అని పది మందిని అడిగితే అక్కడ కూడా ‘చలో బొగత’ అవుతుంది.

“ఒకలు రాకుంటే?” అడిగాడు సారు.

“ఆగం. నలుగుర్ల ముగ్గురు కుదిరితే కదులుడే. రానోని కోసం ఆగితే మంచు కరుగుతది.”

ఫర్టిలైజర్ నా దిక్కు చూశాడు. నేను డీసీఎం దిక్కు చూశాను.

పెద్దబాపు అప్పటిదాకా చాయ్ ముట్టలేదు. గ్లాసు చేతిలో తిప్పుతూ అడిగాడు. “మరి లీవు, బిడ్డా? గట్ల ఎప్పుడంటె అప్పుడు మీ పెద్దసారు ఇడుస్తడా?”

“ఇడుస్తడు బాపూ. ఏడాది మొదట్లనే ఐదు రోజులు పక్కకు పెట్టుకుంటం. ఇవి మంచుకే అని. ఏం పని వచ్చినా ఎవలు పిలిచినా అవి ముట్టం. మా మేనేజరుకు ఎరుకే. రెండు రోజుల ముందు చెప్తే చాలు.”

“రెండు రోజులకే?”

“రెండు రోజులు ఎక్కువ. ఒకసారి పొద్దున మెసేజి పెట్టి మధ్యాహ్నం బయల్దేరినం.”

“శానా మంచిసారు,” అన్నాడు పెద్దబాపు. నిజంగానే మెచ్చుకున్నట్టు అన్నాడు. చాయ్ ఒక గుక్క తాగాడు.

డీసీఎం ఊరుకుంటే అక్కడితో అయిపోయేదేమో. “మరి ఎన్నడన్న ప్లాను ఫెయిలైందారా?” అన్నాడు.

“ఒక్కసారి. 2024 జనవరిల. ఆ చలికాలం మిన్నెసోటాల మంచే లేదురా. బాటలు శానా వరకు తెరవనే లేదు. పండుగలకు కూడా నేల కనిపించింది, ముసలోళ్లు కూడా ఎన్నడు సూడలేదన్నరు. ఐదు రోజుల లీవు చేతుల ఉంది, ఏంజెయ్యాలె? వేస్టయితది గదా. ట్రైలర్ల బండ్లేసుకొని పడమర దిక్కు పోయినం, వయోమింగ్ కొండలకు. పదిహేను వందల కిలోమీటర్లు పైనే. ఒకల వెనక ఒకలం నడుపుకుంట పోయినం. మంచు దొరికింది!”

ఎవ్వరం ‘అబ్బో’ అనలేదు. చాయ్ కొట్టువాడు కూడా.

పెద్దబాపు వేళ్లు మడుస్తూ ఏదో లెక్క చూసుకున్నాడు. “జనవరి అంటె పుష్యమాసం గదా బిడ్డా.”

“ఏమోనే బాపూ. ఇక్కడ గవన్ని ఎవలికి యాదుంటయి?”

లారీ ఒకటి ఖమ్మం దిక్కు పోయింది. దాని హారను పెద్దదే గాని, మా నడుమ ఏర్పడ్డదాన్ని నింపేంత పెద్దది కాదు. సారు చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. మాట మార్చడం తన బాధ్యత అనుకున్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, “అది సరేగని, మంచు పడని యేడు అక్కడి స్కీ కొండలు నడిపేటోళ్లు ఎట్ల బతుకుతరు? వ్యాపారం మునుగదా?” అన్నాడు.

మిన్నెసోటా ఏమీ గమనించలేదు. పైగా మంచి ప్రశ్న అన్నాడు. “మునుగది. వాండ్లు మంచు తయారు చేసుకుంటరు. స్నో గన్ అని మిషను ఉంటది. పెద్ద ఫ్యాను, దాని చుట్టు నీళ్ల నాజిళ్లు. చలి సున్నా కిందికి దిగిన రాత్రి నీళ్లను సన్నగ జల్లి గాలిల కొడ్తది. కింద పడేలోపల గడ్డ కడ్తది. తెల్లారేవరకు కొండంత తెల్లగైతది. మా స్నోమొబైల్ బాటలకు పనికిరాదు గని, స్కీ కొండలకు అదే ఆధారం.”

“నీళ్లు జల్లితె మంచైతదా?” పెద్దబాపు ముందుకు వంగాడు. ఆ సాయంత్రం మొత్తం మీద ఆయన కళ్లు అంత చురుగ్గా అప్పుడే చూశాను.

“అయితది బాపూ.”

“ఎన్ని నీళ్లు గావాలె?”

“శానా గావాలె. చెరువు పక్కన పెట్టుకుంటరు.”

“బోరు నీళ్లు పనికొస్తయా?”

కొడుకు నవ్వాడు. “పనికొస్తయి. నీళ్లు నీళ్లే గదా.”

“ఎంతుంటది, గా మిషను?”

“పెద్దదయితే మన పైసలల్ల ఇరవై ముప్పై లక్షలు ఉంటదేమో. నాకు పక్కాగ తెల్వది. ఎందుకే?”

పెద్దబాపు నన్ను అడిగాడు. “రోడ్డు పక్క నాది ఎకరం మిగిలింది గదరా మీసేవా. ఇప్పుడు అమ్మితె గన్ని వస్తయా?”

వస్తాయి. అంతకంటే ఎక్కువే వస్తాయి. నేను తలూపాను.

“నీకేమన్న అయిందా బాపూ?” ఫోన్లో కొడుకు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. “దంతాలపల్లిల మంచు మిషనేందే? చలికాలంల గూడ మనకాడ సున్నాకు దిగది. జల్లితె నీళ్లే పడ్తయి. ఒకాళ మంచు పడ్డా పొద్దెక్కేదాక గూడ ఆగది. దాన్ని తెచ్చి ఏంజేస్తవ్?”

పెద్దబాపు ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఫోన్‌కు దగ్గరగా జరిగి, చెవిటివాడికి చెప్పినట్టు ఒక్కో మాట విడిచి విడిచి చెప్పాడు.

“ఆగకుంటె ఆగకపోనీ బిడ్డా. రెండెకరాలమ్మి నిన్ను గాడికి పంపిన. గీ ఎకరం గూడ అమ్మి మన దొడ్ల ఇంత మంచు కురిపిస్త. కురిసే రెండు రోజుల ముందుగాల్నే నీకు ఫోన్ జేస్త. వస్తవా?”